కొలత ఎవరి చేతిలో? – ధాత కరువు, ఒంగోలు మిషన్, రెండు పుస్తకాలు

పార్సిప్పనీలో మా ఇంటికి దగ్గరగా ఉన్న ఒక చర్చి నేలమాళిగలో శనివారాలు తిండి సరుకులు ఉచితంగా పంచుతారు. ఆసుపత్రి పని లేని వారాల్లో నేనూ వెళ్ళి బియ్యం, చిక్కుళ్ళ డబ్బాలు అరల్లో సర్ది వస్తుంటాను. ఆ గది గోడకు ఒక కాగితం అంటించి ఉంటుంది. పంచుతున్న సరుకుల్లో ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చినవి కూడా ఉన్నాయి కాబట్టి, వాటిని తీసుకోవడానికి ఎవరూ ప్రార్థనలో కూర్చోనక్కరలేదని, ఏ మతమని ఎవరూ అడగరాదని దాని సారాంశం. క్రితం వేసవిలో ఇండియా నుంచి వచ్చిన మా బావగారిని ఒకరోజు అక్కడికి తీసుకువెళ్ళాను. ఆయన ఆ కాగితం చదివి నవ్వి, “ఇదే కాగితం నూట యాభై ఏళ్ళ కిందట మన ఒంగోల్లో అంటించి ఉంటే ఎంతమంది మిగిలేవారోయ్ వీళ్ళకి?” అన్నారు.

ఆయన మాటలో కొత్తదేమీ లేదు. ధాత కరువులో దొరలు గంజి పోసి మతం పుచ్చుకున్నారన్న మాట ప్రకాశం జిల్లాలో పుట్టి పెరిగిన నాకు చిన్నప్పటినుంచీ తెలిసినదే. దానికి ఎదురుగా నిలబడే మాటా తెలిసినదే: గంజి ఆపేసిన తర్వాతనే బాప్తిస్మాలు ఇచ్చారనీ, కనుక వచ్చినవారిది నిజమైన విశ్వాసమేననీ. ఈ రెండు మాటల్లో ఏది నిజమో తేల్చుకుందామని ఆ కాలపు సంగతులు చెప్పే పుస్తకాలు చదవడం మొదలుపెట్టాను. చదవగా చదవగా, ఆ ప్రశ్నే సరైనది కాదేమోనన్న అనుమానం బలపడింది. ఈ వ్యాసం ఆ అనుమానానికి కారణాలు చెప్పే ప్రయత్నం. ఇందులో ప్రధానంగా చర్చించేది రెండు పుస్తకాలను. ఒకటి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఆత్మకథ ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’ (1914). రెండవది జి. కల్యాణరావు నవల ‘అంటరాని వసంతం’ (2000). వీటిని చదవడానికి కావలసిన నేపథ్యం ముందుగా కొంత చెప్పాలి.

కరువు

1876లో నైరుతి ఋతుపవనాలు విఫలమయ్యాయి. ఈశాన్య ఋతుపవనాలూ ముఖం చాటేశాయి. తెలుగు పంచాంగం ప్రకారం అది ధాత నామ సంవత్సరం. మద్రాసు రాజధానిలోను, మైసూరు, బొంబాయి, హైదరాబాదు ప్రాంతాల్లోను రెండేళ్ళకు పైగా సాగిన ఆ క్షామంలో మద్రాసు రాజధానిలోనే ముప్ఫై లక్షలమందికి పైగా చనిపోయారని చరిత్రకారుల అంచనా. కర్నూలు జిల్లాలో 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ మధ్య దాదాపు నాలుగో వంతు జనం తగ్గిపోయారు. ఒంగోలు తాలూకా అప్పట్లో నెల్లూరు జిల్లాలోది. ఆ జిల్లా జనాభా కూడా ఆ పదేళ్ళలో పెరగకపోగా తరిగింది.

దేశంలో గింజలు లేక మనుషులు చావలేదు. రైలు మార్గాలు ఉన్నాయి, ధాన్యం వ్యాపారం నడుస్తూనే ఉంది, భారతదేశం నుంచి గోధుమల ఎగుమతి కూడా ఆగలేదు. ఆకలి చావులకు కారణం తిండి లేకపోవడం కన్నా తిండిని పొందగలిగే హక్కు లేకపోవడమని అమర్త్య సేన్ 1981లో ప్రతిపాదించిన సిద్ధాంతానికి మాదిగల స్థితి తిరుగులేని ఉదాహరణ. మాదిగ కుటుంబానికి రైతు ఇంటితో ఏడాది పొడుగునా కట్టుబాటు. చెప్పులు, మోట బొక్కెనలు, తోలు పగ్గాలు చేసి ఇస్తే కళ్ళంలో ఇంత ధాన్యం మేరగా కొలిచేవారు. పంట లేని ఏడు కళ్ళమూ లేదు, మేరా లేదు. పశువులు చచ్చినన్నాళ్ళు తోలు దొరికింది గాని, తోలు కొనేవాడు లేడు. ఆ తర్వాత పశువులే లేవు. భూమి ఉన్నవాడు భూమి తాకట్టు పెట్టాడు, నగ ఉన్నవాడు నగ అమ్మాడు. రెక్కలు తప్ప ఏమీ లేనివాడి రెక్కలకు ఆ ఏడు విలువ లేకుండా పోయింది.

ఇద్దరి లెక్కలు

వైద్యుడిగా నన్ను ఎక్కువగా కదిలించింది ఈ కరువులో ఒక వైద్యుడు చేసిన వాదన. వైస్రాయి లిట్టన్ పంపగా 1877 జనవరిలో మద్రాసుకు వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, క్షామ నివారణ పనుల్లో కూలిని తగ్గించాడు: మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపైన కొద్దిపాటి చిల్లర. ఆడవారికి, పిల్లలకు ఇంకా తక్కువ. ఇదే టెంపుల్ 1873–74లో బీహారు కరువులో బర్మా నుంచి బియ్యం తెప్పించి చావులు చాలావరకు ఆపాడు. అందుకు మెప్పు రాకపోగా దుబారా చేశాడన్న నింద వచ్చింది. మద్రాసులో ఆ నింద మళ్ళీ రానివ్వకూడదనుకున్నాడు.

మద్రాసు శానిటరీ కమిషనర్‌గా ఉన్న డాక్టర్ డబ్ల్యు. ఆర్. కార్నిష్ దీన్ని వ్యతిరేకించాడు. మద్రాసు ప్రాంతపు జనం ఏం తింటారో 1863లోనే నివేదిక రాసినవాడాయన. మట్టి మోసే మనిషికి కనీసం ఒకటిన్నర పౌను గింజలు కావాలనీ, దానితోపాటు పప్పూ కూరగాయలూ ఉండాలనీ పట్టుబట్టాడు. ఈ వాదోపవాదాలన్నీ, అప్పటి ‘మద్రాస్ టైమ్స్’ సంపాదకుడూ క్షామ నిధి కార్యదర్శీ అయిన విలియం డిగ్బీ 1878లో ప్రచురించిన రెండు సంపుటాల గ్రంథంలో వివరంగా ఉన్నాయి.

ఈనాటి లెక్కలతో చూద్దాం. ఒక పౌను అంటే 454 గ్రాములు. బియ్యమైతే సుమారు 1,600 కెలోరీలు. బరువుపని చేసే మగవాడికి భారత వైద్య పరిశోధనా మండలి సూచించేది దాదాపు 3,500. అరకొర తిండి మనిషిని ఏం చేస్తుందో తెలుసుకోవడానికి మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1944–45లో ఆన్సెల్ కీస్ 36 మంది యువకుల మీద ప్రయోగం చేశాడు. ఆరు నెలలపాటు వాళ్ళకు రోజుకు సగటున ఇచ్చింది సుమారు 1,570 కెలోరీలు. అంటే టెంపుల్ కూలికి దాదాపు సమానం. వాళ్ళు మట్టి తవ్వలేదు, కలరా లేదు, నెత్తిమీద కప్పు ఉంది. అయినా శరీరపు బరువులో నాలుగో వంతు కోల్పోయారు. తిండి తప్ప మరో ధ్యాస లేనివాళ్ళయ్యారు. యుద్ధంలో ఆయుధం పట్టం అని చెప్పి, దానికి బదులు సేవకు ముందుకొచ్చిన ఆ యువకుల్లో చాలామంది బ్రెద్రెన్, క్వేకర్, మెనొనైట్ చర్చిలకు చెందినవారు. యూరపులో ఆకలితో ఉన్నవారిని ఎలా బతికించాలో తెలియాలని తామే ఆకలికి ఒప్పుకున్నారు. చర్చి చేసిన క్షామ సహాయాల చరిత్రలో దీన్నీ ఒకటిగా లెక్కించాలని నా అభిప్రాయం.

కార్నిష్ వాదన కొంతవరకు నెగ్గింది. 1877లోనే మద్రాసు ప్రభుత్వం కూలిని పౌనుంబాతికకు పెంచి కాస్త పప్పు చేర్చింది. అప్పటికే చాలామంది పోయారు. క్లౌ కాలువ పనిని ఈ లెక్కల పక్కన పెట్టి చూడకపోతే దాని విలువా అర్థం కాదు, లోపమూ అర్థం కాదు.

కాలువ గట్టు

క్లౌ (1836–1910) మతబోధకుడు కాక ముందు మిన్నెసోటాలో ప్రభుత్వ భూముల సర్వేయరు. 1865లో తెలుగుదేశం వచ్చి, 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. పది, పదిహేను మంది విశ్వాసులు దొరకడమే గగనమై, మూసేద్దామా అని బోస్టన్‌లోని పెద్దలు పలుమార్లు తర్జనభర్జన పడిన మిషన్ అది. 1867 ప్రారంభంలో ఒంగోలు సంఘం ఎనిమిదిమందితో మొదలైంది. అంతకు కొద్దికాలం ముందే యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ సాధకుడు చేరడంతో పల్లెల్లో కదలిక వచ్చింది. మాదిగలను చేర్చుకుంటే తాము రామని అగ్రవర్ణాల వారు చెప్పినప్పుడు క్లౌ మాదిగల వైపే నిలబడ్డాడు. ఇదంతా కరువుకు పదేళ్ళ ముందు మాట. కరువునాటికే ఒంగోలు సంఘంలో కొన్ని వేలమంది ఉన్నారన్న సంగతిని ‘గంజి కోసం’ వాదం తరచు మరచిపోతుంది.

కరువు ముదిరాక క్లౌ, బకింగ్‌హాం కాలువలో మూడు నాలుగు మైళ్ళ మేర తవ్వకాన్ని ప్రభుత్వం నుంచి కాంట్రాక్టుగా తీసుకున్నాడు. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు మీద వచ్చిన ఆ కాలువ, పెద్దగంజాం నుంచి దక్షిణాన మరక్కాణం దాకా సముద్రం వెంటే సాగుతుంది. దాని పొడుగునా కరువు కూలీల చెమట ఉంది. సర్వేయరు చదువు ఇక్కడ అక్కరకొచ్చింది. కొలతలు తీసి, గుంతలు గుర్తు పెట్టి, మనుషులను జట్లుగా విడగొట్టి, తన బోధకులను మేస్త్రీలుగా నిలబెట్టాడు. ప్రభుత్వపు పనుల్లో అగ్రవర్ణ మేస్త్రీల తిట్లూ దెబ్బలూ తిన్న మాదిగలు, ఇక్కడ ఆ బాధ లేదని విని దూరదూరాల నుంచి వచ్చారని పుస్తకం చెబుతుంది. మధ్యాహ్నం పని ఆపినప్పుడు ఆ మేస్త్రీలే కూలీల మధ్య కూర్చొని క్రీస్తు కథ చెప్పేవారు. శిబిరంలో కలరా వచ్చింది. పనిలోకి వచ్చి చేరేవారు, చచ్చిపోయేవారు, ఇంటికి తిరిగి వెళ్ళేవారు, ఇలా వేలమంది ఆ గట్టు మీద మెలిగారు.

ఆ రోజుల్లో పదిహేను నెలలపాటు క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. 1878లో కాలువ పని, సహాయం ముగిశాక, సహాయనిధి ఇక లేదని తెలిసీ జనం గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర గుమిగూడారు. డబ్బు అడగడం లేదు, పనిచేసి కాయలు కాచిన చేతులు ఇవిగో, చేర్చుకోండి అన్నారని క్లౌ రాశాడు. 1878 జూలై 3న ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ ఆ నదిలో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ ఏడాది ముగిసేలోగా ఆ సంఖ్య 9,606కు చేరింది. ప్రపంచంలోకెల్లా పెద్ద బాప్టిస్టు సంఘం ఒంగోలుదేనని ఆ తర్వాత చెప్పుకున్నారు. కాకతాళీయమే గాని, ఆ ఏటి తెలుగు పేరు బహుధాన్య.

ఎవరి కోసం రాసిన పుస్తకం?

‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’ ఉత్తమ పురుషలో నడుస్తుంది గాని, క్లౌ తరఫున అతని భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ రాసిపెట్టినట్టు ముఖపత్రం మీదనే ఉంది. క్లౌ చనిపోయిన నాలుగేళ్ళకు న్యూయార్క్‌లో మాక్మిలన్ వారు దాన్ని ప్రచురించారు. ఎమ్మా సామాన్యురాలు కాదు. స్త్రీల హక్కుల కోసం రాసిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పరిశోధన చేసి స్విట్జర్లాండులోని బెర్న్‌లో డాక్టరేటు పొందిన విదుషి. మాదిగల నమ్మకాలను, కథలను సేకరించి 1899లో ‘వైల్ సోయింగ్ సాండల్స్’ అనే పుస్తకం వెలువరించింది. ఆమె తమ్ముడు వాల్టర్ రౌషెన్‌బుష్, అమెరికాలో ‘సామాజిక సువార్త’ ఉద్యమానికి ప్రధాన సిద్ధాంతకర్త.

ఈ సంగతి తెలియకుండా పుస్తకాన్ని చదివితే దాని పేరులోని ‘సోషల్’ అన్న మాట ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. 1878లో అమెరికన్ బాప్టిస్టులకు ఆ సంఘటన ఆత్మల పంట. ఇంతమంది ఒక్కసారిగా చేరితే అది నిజమైన మార్పేనా అన్నదే అప్పటి వారి బెంగ. 1914 నాటికి గాలి మారింది. పేదవాడి కూలి, ఇల్లు, గౌరవం కూడా క్రైస్తవం పట్టించుకోవలసిన విషయాలేనని వాల్టర్ వంటివారు వాదిస్తున్నారు. అక్క చేతిలో బావ కథ ఆ వాదానికి సాక్ష్యంగా రూపుదిద్దుకుంది. అందువల్ల ఈ పుస్తకంలో రెండు గొంతులు వినిపిస్తాయి. ఒకటి సర్వేయరుది: ఎన్ని గజాలు, ఎంత లోతు, ఎవరికి ఎంత కూలి, ఏ మేస్త్రీ ఎక్కడ. రెండవది సంజాయిషీ చెప్పుకొనే మనిషిది: నేను ఎవరినీ డబ్బుతో కొనలేదు, పదిహేను నెలలు ఆగాను, నిధి అయిపోయిందని కూడా చెప్పాను. నా దృష్టిలో మొదటి గొంతు మాట్లాడినప్పుడు ఇది గొప్ప పుస్తకం. రెండవ గొంతు అందుకున్నప్పుడు బోస్టన్ పెద్దల వైపు తిరిగి మాట్లాడే పుస్తకం.

ఆ సంజాయిషీని వైద్యుడి కళ్ళతో చూస్తే ఒక పోలిక తడుతుంది. కొత్త మందును పరీక్షించేటప్పుడు రోగి అంతకు ముందు వాడిన మందు ఒంట్లోంచి పూర్తిగా పోయేదాకా కొన్ని వారాలు ఆగుతాం. లేకపోతే కనిపించిన ఫలితం ఏ మందుదో చెప్పలేం. క్లౌ పదిహేను నెలల విరామం అటువంటిదే. సహాయపు ప్రభావం పోయాక మిగిలినది విశ్వాసమని అతని లెక్క. నిజాయితీ గల లెక్కే. ఆకలిగా ఉన్నవాడి దగ్గర మతం మార్పిడికి ఒప్పుదల తీసుకోకూడదని 1877లో ఒక మిషనరీ అనుకోవడం, అనుకున్నది పాటించడం చిన్న సంగతి కాదు. కాని మందుకున్నట్టు కృతజ్ఞతకు ఇంతకాలమని గడువు ఉండదు. పైగా విరామం బాప్తిస్మానికే గాని బోధకు కాదు. కూలి కొలిచే మనిషే మధ్యాహ్నం బోధ చేస్తుంటే, ఆ బోధకు తల ఊపకపోతే రేపు నా గుంత కొలత ఎలా వస్తుందోనని కూలివాడికి అనిపించకుండా ఉంటుందా? ఈ ప్రశ్న పుస్తకానికి తట్టినట్టు కనిపించదు. పార్సిప్పనీ చర్చి గోడమీది కాగితం పుట్టింది సరిగ్గా ఈ ప్రశ్న నుంచి. విపత్తు సహాయాన్ని ఏ మత, రాజకీయ దృక్పథాన్నీ ముందుకు తీసుకుపోవడానికి వాడరాదని రెడ్‌క్రాస్, స్వచ్ఛంద సంస్థలు 1994లో రాసుకున్న నియమావళి చెప్పేదీ ఇదే. ఆ నియమావళిని రూపొందించి ఒప్పుకున్నవాటిలో చర్చి సంస్థలూ ఉన్నాయి.

మరొక లోపం లెక్కల్లోనే ఉంది. 2,222 అన్న అంకె ఒంగోలు ప్రాంతంలో చదువురాని వారికి కూడా కంఠస్థం. ఆ కాలువ గట్టు మీద కలరాతోను, ఆకలితోను పోయినవారు ఎందరు? ఏ గుడిలోను, ఏ చర్చిలోను ఎవరూ ఆ అంకెను వల్లించగా నేను వినలేదు. కార్నిష్ 1878లో కొన్ని తాలూకాల్లో నమూనాగా జనాన్ని మళ్ళీ లెక్కపెట్టించింది, చావులు ఎన్నో ప్రభుత్వ రికార్డులు దాచలేకుండా చేయడానికే. ఒక దొర బతికి చేరినవారిని లెక్కపెట్టాడు, ఇంకో దొర చచ్చినవారిని లెక్కపెట్టాడు. రెండూ అవసరమైన లెక్కలే. మనకు జ్ఞాపకం ఉన్నది మాత్రం ఒక్కటే.

తవ్వినవారి వైపు నుంచి

క్లౌ పుస్తకంలో బోధకులకు పేర్లున్నాయి, తవ్వినవారు చాలామటుకు జనసమూహంగానే కనిపిస్తారు. ఆ సమూహంలోని ఒక కుటుంబానికి పేరూ, ఊరూ, పాటా ఇచ్చి కథ చెప్పినది ‘అంటరాని వసంతం’. విరసం ప్రచురణగా వచ్చిన ఈ నవల, 2010లో అల్లాడి ఉమ, ఎం. శ్రీధర్‌ల ఇంగ్లీషు అనువాదంతో బయటి పాఠకులకూ చేరింది. వృద్ధురాలైన రూతు జ్ఞాపకాల గుండా తరతరాల అంటరాని కుటుంబపు కథ నడుస్తుంది. ఎన్నెల దిన్ని పాటగాడు ఎల్లన్న కొడుకు శివయ్య కరువులో ఊరు విడిచి బకింగ్‌హాం కాలువ పనికి వెళ్తాడు. అక్కడ అతన్ని అడ్డుకున్నది కరువు కాదు, కులం. అంటరానివాడు తమ పక్కన మట్టి తవ్వడానికి వీల్లేదని, అతనిలాగే ఆకలితో వచ్చిన సవర్ణ కూలీలే అడ్డం పడతారు. ఈ మలుపు నుంచే అతని కుటుంబం క్రైస్తవం వైపు నడుస్తుంది.

కల్పనే కావచ్చు, కాని ఈ ఘట్టం క్లౌ పుస్తకం చెప్పిన దానికి విరుద్ధం కాదు. ఒకే గట్టును రెండు వైపుల నుంచి చూడటం. దొర పుస్తకంలో ప్రశ్న: “వీళ్ళు ఎందుకు చేరారు?” నవలలో ప్రశ్న: “వీళ్ళను ఎవరు రానిచ్చారు?” మొదటి ప్రశ్న అడిగేవాడు మనిషి లోపలికి తొంగిచూస్తాడు. రెండవది అడిగేవాడు ఆ మనిషి నిలబడ్డ చోటును చూస్తాడు.

ఇక్కడే మా బావగారి మాటకూ, దాన్ని ఖండించే మాటకూ ఉన్న పోలిక నాకు కనబడింది. గంజి కోసం చేరారన్నవారూ, గంజి లేకపోయినా చేరారన్నవారూ ఆకలిని విశ్వాసానికి పట్టిన మురికిగా చూస్తున్నారు. ఒకరు మురికి ఉందంటారు, ఇంకొకరు కడిగేశామంటారు. ఆకలితో ఉన్న మనిషికి బుద్ధి పనిచేయదని ఇద్దరూ ఒప్పుకున్నట్టే. వైద్యంలో మాకు నేర్పేది వేరు. నొప్పితో మెలికలు తిరుగుతున్న రోగి కూడా తన శస్త్రచికిత్సకు ఒప్పుకోగలడు, వద్దనగలడు. నొప్పి అతని ఒప్పుదలను రద్దు చేయదు. నేను అతని నొప్పిని అవకాశంగా తీసుకుంటున్నానా అన్నది నా మీద వేయవలసిన ప్రశ్న, అతని మీద కాదు. కాబట్టి మేస్త్రీనీ బోధకుణ్ణీ ఒకే మనిషిలో కలిపినందుకు క్లౌను నిలదీయవలసిందే. చేరిన మాదిగలను నిలదీయడానికి మాత్రం మనకు హక్కు లేదు.

నిలదీసేటప్పుడు కూడా ఒక సంగతి మరవకూడదు. ఆ మేస్త్రీ–బోధకుల్లో చాలామంది మాదిగలే. తన కులపువాడు కొలకర్ర పట్టుకొని నిలబడి, తిట్టకుండా గుంత కొలిచి, కొలిచినంతకు కూలి ఇవ్వడం ఆ కూలీలకు బహుశా పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఈనాటి నియమావళి చదువుకున్న నాకు అక్కడ కనిపించేది రెండు పాత్రల సంకరం. ఆ గుంతలో నిలబడ్డ మనిషికి కనిపించినది భద్రత. రెండూ నిజమే. టెంపుల్ ఒక పౌనుకూ కార్నిష్ ఒకటిన్నర పౌనుకూ మధ్య జరిగిన పోరు ఎంత ముఖ్యమో, ఆ గింజల్ని ఎవరు కొలుస్తారన్న సంగతీ అంతే ముఖ్యం. కుంచం పట్టినవాడు కళ్ళెర్ర చేస్తే ఒకటిన్నర పౌను కూడా చేతికి అందేసరికి ముప్పాతికే అవుతుంది.

అదే సూత్రం మరో కాలంలో అనంతపురంలో కనిపిస్తుంది. బార్సిలోనాలో పుట్టిన జెస్యూట్ సన్యాసి విసెంటె ఫెరర్ మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతుల చేత బావులు తవ్విస్తూ, తవ్వినందుకు గోధుమలూ నూనే ఇచ్చేవాడు. వ్యతిరేకత వచ్చి 1968లో దేశం విడిచి పోవలసి వచ్చింది. 1969లో తిరిగివచ్చి, కరువుకు మారుపేరైన అనంతపురం చేరాడు. మరుసటి ఏడే సన్యాసి సంఘం విడిచిపెట్టాడు. ఆయన నెలకొల్పిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఏ మతంలోకీ పిలవకుండా, దళితుల, గిరిజనుల పల్లెల్లోనే పని మొదలుపెట్టింది. 2009లో ఆయన పోయినప్పుడు వీడ్కోలు చెప్పడానికి జిల్లా నలుమూలల నుంచీ జనం వచ్చారు. క్లౌ జోడించిన రెండు పాత్రలను ఫెరర్ విడదీశాడు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది, ఊరి నడిబొడ్డు నుంచి కాక పల్లె నుంచి మొదలుపెట్టడం.

మన లెక్క

ఇదంతా ఎవరినో విమర్శించడానికి రాసినట్టుంటే అది నా తప్పు. కొన్నేళ్ళ కిందట మా వైపు వరసగా వానలు లేనప్పుడు ఇక్కడి మిత్రులం కొందరం డబ్బు పోగుచేసి ఒక ఊళ్ళో బియ్యం, కందిపప్పు పంపిణీ చేయించాం. మతం ఊసు లేదు, షరతులు లేవు. లెక్క పక్కాగా ఉండాలని ప్రతి రూపాయికీ రసీదు అడిగాం. పంపిణీ బాధ్యత ఊరి పెద్దలకు అప్పగించాం. ఫోటోలు వచ్చాయి, చూసి సంతోషించాం. మా క్లినిక్‌లో ఒక మధ్యాహ్నం ఖాళీగా కూర్చొని వాటిని పెద్దవి చేసి చూస్తుంటే అప్పుడు గమనించాను. పంపిణీ జరిగింది ఊరి మధ్య గుడి ముందర. బల్ల దగ్గర వరసలో ఉన్నవారందరూ ఊరివారే. పల్లె జనం రోడ్డు అవతల చెట్టు కింద సంచులు పట్టుకొని నిలబడి ఉన్నారు. చివరి ఫోటోలో వాళ్ళ ముందు రెండు మూటలు మాత్రం ఉన్నాయి. ఫోను చేసి అడిగితే, “వాళ్ళకీ ఇచ్చాం లెండి డాక్టరుగారూ, మిగిలినవన్నీ వాళ్ళకే ఇచ్చాం” అన్నారు.

మిగిలినవి. ఆ మాట విన్నాక క్లౌ పుస్తకంలోని మేస్త్రీల పేజీలు తీసి మళ్ళీ చదివాను. బోధ చేశాడా లేదా అని మేము అతన్ని అడగగలం. మా బియ్యం ఎవరి చేత కొలిపించామని అతను మమ్మల్ని అడిగితే మా దగ్గర జవాబు లేదు.

ప్రవాస తెలుగువారం తుపానులకు, కరువులకు, కోవిడ్‌కు ఎంతో కొంత పంపుతూనే ఉన్నాం. కొందరం చర్చి ద్వారా, కొందరం గుడి ద్వారా, కొందరం సంఘాల ద్వారా. అవతలివాళ్ళ సహాయం వెనక ఏముందోనని అనుమానించడం మనకు బాగా వచ్చు. మన సహాయాన్ని అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. పంపిణీ ఏ వీధిలో జరుగుతుంది? జాబితా రాసేది ఎవరు? పల్లెవాళ్ళలో ఒకరైనా కొలిచేవాళ్ళలో ఉన్నారా? తీసుకునేవారు వద్దు అనగలరా, ఇది కాదు అది కావాలి అనగలరా? రసీదులు ఈ ప్రశ్నలకు జవాబు చెప్పవు.

పార్సిప్పనీ చర్చి నేలమాళిగలో గోడమీది కాగితాన్ని మా బావగారు చూశారు గాని, దాని కింద బల్ల దగ్గర కూర్చున్నామెను గమనించినట్టు లేదు. వచ్చినవారి చేతికి ఖాళీ బుట్ట ఇచ్చి, అరల్లోంచి ఎవరికి కావలసినవి వారే తీసుకోమని చెప్పేది ఆమె. రెండేళ్ళ కిందట ఆమె అదే బల్లకు ఇవతల, వరసలో నిలబడేది. ఈసారి బావగారు వచ్చినప్పుడు ముందు ఆమెను పరిచయం చేస్తాను.